ఓనర్‌లా చెప్పు

"నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?"

"నేనే."

"అలా గొణక్కు. ఓనర్‌లా చెప్పు. మళ్ళీ."

నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన బనీనుతో మంచం మీద కూర్చుని, చిన్నపిల్లకి పాఠం అప్పజెప్పించినట్టు నాచేత జవాబులు చెప్పిస్తున్నారు. "నేనే తీసుకుంటాను," అన్నాను, కొంచెం గట్టిగా.

"ఆఁ, అలా. కాలర్ సరిగ్గా రాలేదు చూడు," అన్నారాయన.

మాది అట్టపెట్టెలు చేసే షెడ్డు. మా దగ్గర పెట్టెలు కొనే పెద్ద కంపెనీ, తాము కొనే సరుకులో కొంత ఆడవాళ్ళు సొంతంగా నడిపే సంస్థల దగ్గరే కొనాలని నియమం పెట్టుకుంది. ఆ సంగతి చెవిన పడ్డ వారంలోనే ఆయన షెడ్డుని నా పేరు మీదికి మార్చారు. పాలు పొంగుతుంటే ఒక చేత్తో మంట తగ్గించి, రెండో చేత్తో సంతకాలు పెట్టాను. ఇదేమిటని అడిగితే "నీకు మంచిదేలే" అన్నారు. అప్పట్నించీ ఇంట్లో నేనొక జోకుని. కూరలో ఉప్పు తగ్గితే బావగారు "మేడమ్‌గారికి బిజినెస్ టెన్షన్, పాపం" అంటారు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఈ పూట పాఠం విని అత్తయ్య పక్క గదిలోంచి, "పేరు మీద పెట్టిందే ఎక్కువ, ఇప్పుడు మాటలు కూడా నేర్పాలా దానికి?" అన్నారు.

షెడ్డు నిజంగా నేనే నడుపుతున్నానా అని చూడడానికి ఆ కంపెనీ నుంచి ఒకావిడ వస్తోంది. "నీ నోరు తడబడిందా, అందరం రోడ్డున పడతాం," అన్నారాయన. పొద్దుట్నుంచీ నాకూ అదే భయం. అయితే ఆ భయం అడుగున ఇంకో పాత భయం ఉంది. అట్టలు కోసే మెషీన్‌కి కత్తి ముందు ఇనుప జాలీ ఉండాలి, చెయ్యి లోపలికి పోకుండా. అది ఉంటే పని సాగదని ఆయన తీయించేశారు. పోయిన వానాకాలంలో అక్కడ పనిచేసే ఆమెకి రెండు వేళ్ళు తెగిపోయాయి. ఓనరునైన నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన చొక్కా చేతి మీద మరకలు నానబెడుతూ ఇదేమిటని నేనే అడిగాను. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తేగా!" అన్నారు. బకెట్లో నీళ్ళు ఎర్రబడుతుంటే చూస్తూ నిలబడ్డాను, ఇంకేమీ అడగలేదు. ఆమె మళ్ళీ పనిలోకి రాలేదు. ఆ చోట్లో ఇప్పుడు అందరూ చిట్టి అని పిలిచే అమ్మాయి నిలబడుతోంది.

మేం షెడ్డుకి వెళ్ళేసరికి మెషీన్‌కి జాలీ బిగించి ఉంది. ఈ ఒక్క పూటకి.

వచ్చినావిడ నెమ్మదైన మనిషి. ఆఫీసు గదిలో కూర్చోగానే మా ఆయనతో, "మీరు కాసేపు బయట ఉంటారా? నేను ఓనర్‌గారితో మాట్లాడాలి," అంది. ఆయన నవ్వుతూనే లేచారు. తలుపు మూసేముందు నా వంక చూసిన చూపులో మాత్రం నవ్వు లేదు. ఆవిడ అడిగినవన్నీ ఆయన నేర్పినవే. అప్పజెప్పేశాను. చివర్న పెన్ను మూత పెడుతూ, మామూలుగా అడిగినట్టే అడిగింది: "ఈ పనిలో మీకు అన్నిటికంటే భయం కలిగించేదేమిటి?"

ఇది నాకు నేర్పలేదు. తలుపు అద్దం అవతల ఆయన భుజం కనిపిస్తోంది. కత్తి అంటే భయం. ఆ భుజం అంటే భయం. రాత్రి నా గొంతులో ఏదైనా తేడా వినపడితే కంచం పక్కకి నెట్టేసి వెళ్ళిపోతారే, ఆ చప్పుడంటే భయం. చిట్టి చెయ్యి అంటే భయం. వీటిలో ఏది చెప్పినా మిగతావన్నీ దాని వెనకే బయటికొచ్చేస్తాయి.

"ఆర్డర్లు తగ్గుతాయేమోనని," అన్నాను.

ఆవిడ తలూపి, చెయ్యి కలిపింది. "సంతోషం. ఇక్కడ ఎవరికేం జరిగినా రేపు జవాబు చెప్పాల్సింది మీరే. నిర్ణయం మీదైనప్పుడు అదే న్యాయం కదా."

కారు గేటు దాటిందో లేదో, ఆయన చేతులు దులుపుకుంటూ వచ్చారు. "శభాష్! గట్టెక్కించావు. ఇక నువ్వు ఇంటికెళ్ళు, అన్నయ్యావాళ్ళు భోజనానికి వస్తున్నారు." అటు తిరిగి, "చిట్టీ, ఆ జాలీ ఊడదీసెయ్. పని బోలెడుంది," అని కేకేశారు.

చిట్టి పానా తీసుకుంది. ఆ పట్టుకున్న వేళ్ళు నా కూతురి వేళ్ళంత సన్నగా ఉన్నాయి.

"తియ్యకు," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. మెషీన్ల హోరు. గోడ దగ్గరికి నడిచి పెద్ద స్విచ్ కిందికి లాగేశాను. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పెట్టెలు మడతపెడుతున్న ఆడవాళ్ళు తలలెత్తారు.

"జాలీ తియ్యకు, చిట్టీ."

ఆయన నవ్వారు. "ఆవిడ వెళ్ళిపోయిందే! ఇంకా నటిస్తావేంటి?"

"నటించడం లేదండీ. అది ఊడదీస్తే మెషీన్ నడవనివ్వను. ఇంకొకరి వేళ్ళకి నేను జవాబు చెప్పలేను."

నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి, నాకొక్కదానికే వినపడేట్టు, "ఇంటికి రా, చెప్తా," అన్నారు.

ఇంటికి వెళ్ళక తప్పదు, ఆ చెప్పేదేదో వినక తప్పదు. "పని అయ్యాకే వస్తాను. వంట సంగతి మీరే చూడండి," అన్నాను. నా గొంతు వణకడం అందరికీ వినపడింది. దాచుకోవాలనిపించలేదు.

ఆయన కారు తలుపు విసిరేసిన చప్పుడు బయట వినపడింది. చిట్టి పానాని బల్ల మీద పెట్టి, ఒక స్టూలు నా వైపు జరిపింది. కూర్చున్నాను.

"రేపు కూడా వస్తారా అమ్మా?" అంది, మెల్లగా.

"రేపు నువ్వొచ్చేసరికి ఇక్కడే ఉంటాను," అని, లేచి స్విచ్ వేశాను.