అరుణజ్యోతి బిగించిన డ్యాంపర్లు

"మగ్గం తొక్కే కాళ్లమ్మా నీవి. విమానానికి పనికిరావు" అన్నాడు ల్యాబు ఇన్‌చార్జి సురేంద్ర సారు. ల్యాబులో ఉన్న పిల్లలందరూ పకపకా నవ్వారు.

అరుణజ్యోతికి ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండదు? అనంతపురంలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో, విమానం నడపడం నేర్పే సిమ్యులేటర్ ల్యాబుకు రెండేళ్లుగా అసిస్టెంటు ఆమే. పొద్దున్నే తాళం తీసేది ఆమె, తెరలు తుడిచేది ఆమె, తెగిన వైరు అతికేది ఆమె. పిల్లలు ఇళ్లకు పోయాక ఆ కుర్చీలో కూర్చుని కంప్యూటర్లోని విమానాన్ని కొన్ని వందలసార్లు దింపింది కూడా ఆమే. హైదరాబాదులో ల్యాండింగ్ పోటీ ఉంది, కాలేజీకి రెండు పేర్లు, సిబ్బంది కూడా ఆడవచ్చు అని నోటీసు వచ్చినప్పుడు అందులో ఒక పేరు తనదే అనుకుంది. సారు పరీక్ష పెట్టాడు. పక్క నుంచి ఈడ్చికొట్టే గాలిలో మూడు ల్యాండింగులు. మూడుసార్లూ విమానం రన్‌వే మీద తల అటూ ఇటూ ఊపుకుంటూ పోయి గడ్డిలో పడింది.

ఇందులో ఆమె తప్పేమీ లేదంటే అబద్ధమవుతుంది. ఆమెది ధర్మవరం. పదేళ్లప్పటి నుంచి నాయన బాలప్ప పక్కన గుంత మగ్గంలో కూర్చున్న పిల్ల. మగ్గం కింద తొక్కుడు కర్రను అడుగుదాకా తొక్కాలి. పోగు దాటగానే పూర్తిగా వదిలేసి, రెండోదాన్ని తొక్కాలి. మధ్యలో ఆగే పనే లేదు. అలా అలవాటైన కాలు విమానం ముక్కును తిప్పే పెడలు మీదికొచ్చినా అట్లాగే తొక్కి అట్లాగే వదిలేస్తుంది. మరి వదిలితే ఆ ప్లాస్టిక్ పెడలు ఊరుకుంటుందా? లోపలున్నది ఉత్త స్ప్రింగు. టపీమని వెనక్కి తన్ని, నడిమిలో ఆగకుండా అవతలికి పోతుంది. విమానం ముక్కు దాని వెంటే పోతుంది.

"నా కాళ్లది సగం తప్పు సార్. పెడళ్లది సగం" అంది. "నిజం విమానంలో తోక మీది చుక్కానికి గాలి అడ్డం పడతాది. కాలికి బరువు తెలుస్తాది. దీంట్లో ఆ బరువే లేదు. ఊపు తగ్గించే డ్యాంపర్లు పెడితే సరిపోతాది."

"సరే, నువ్వే పెట్టుకొని రా. శనివారం ఇంకోతూరి చూస్తా. మూడింట్లో రెండు దింపు, చూద్దాం."

"చూద్దాం కాదు సార్. పేరు రాస్తానని చెప్పండి."

"రాస్తాలే పో" అన్నాడు ఆయన, చెవి మీద ఈగను తోలినట్టు.

ఇంట్లో ఆమెకు ఒక కంప్యూటరుంది, సొంత పెడళ్లున్నాయి, ఎవరో వాడి అమ్మేసిన పాత జత. ఆ రాత్రే వాటిని చెక్కకు బిగించింది. మొదట పాడైపోయిన వాషింగ్ మెషీన్ డ్రమ్ము కింద ఉండే డ్యాంపర్లు తెచ్చి తగిలించింది. అవి మొండివి. తొక్కితే కదలవు, గట్టిగా తొక్కితే ఒక్కసారిగా ఎగురుతాయి. పీకి పారేసింది.

మర్నాడు బండ్ల మెకానిక్కు గురప్ప దగ్గరికి పోయింది.

"ఏం పాపా, బండి యాడ?"

"బండికి కాదు మామా, విమానానికి. రేసు బండ్లకు హ్యాండిలు ఊగకుండా సన్న గొట్టం పెడతారు కదా, లోపల నూనె ఉంటాది. అట్లాంటివి రెండు కావల్ల."

గురప్ప ఆమె ముఖంలోకి చూశాడు. ఎగతాళి కాదని అర్థమయ్యాక మూలనున్న డబ్బా బోర్లించి రెండు వెతికి ఇచ్చాడు. "పక్కనుండే గుబ్బ తిప్పితే బిగుసుకుంటాది, ఇట్లా తిప్పితే వదులైతాది. ఎగిరిపోయేటప్పుడు మాకు చెప్పు" అన్నాడు.

పెడలుకు ఒకటి చొప్పున బిగించింది. బయట ఎండ నలభై రెండు. రేకుల కప్పు కింద మగ్గం గది కొలిమి. పెడలు ఇంకా వదులుగా తోచి, గుబ్బలు తిప్పీ తిప్పీ తన కాలికి నచ్చినంత బిగించింది. బాలప్ప చీర నేత ఆపి వచ్చి, పెడళ్ల ముందు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని తొక్కి చూశాడు.

"బాగుండాది. తొందరపడనియ్యదు. కానీ పాపా, మగ్గంలో మాదిరి కాలు ఇడిచిపెట్టద్దు. రెండు కాళ్లూ ఆనించే పెట్టు. ఒకటి దిగుతాంటే రెండోది దాన్ని పట్టుకోవల్ల."

విమానం ఎక్కడం కాదు కదా, దగ్గర నుంచి చూసినవాడు కూడా కాదు బాలప్ప. ఆ ఒక్క మాట రెండేళ్లలో ల్యాబులో ఎవరైనా చెప్పారా? మూడు రోజులు అదే సాధన చేసింది. ముక్కు నడిమి గీత మీద నిలబడింది.

శనివారం పెడళ్లు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. ల్యాబులో బిగించి కూర్చుంది. గాలి ఎడమ నుంచి కొడుతోంది. ముక్కు గాలికేసి తిప్పి దిగుతూ వచ్చి, నేల తాకేముందు కుడి కాలితో సరిచేయబోయింది. పెడలు బురదలో దిగబడ్డట్టు మొరాయించింది. విమానం అడ్డంగా నేలను తాకి గడ్డిలోకి జారింది.

"అయిపాయె" అన్నాడు సురేంద్ర. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

ఇంట్లో బంగారంలా కదిలిన పెడళ్లకు ఇక్కడేం రోగం? అంతలో మోచేతులకు చలి తగిలింది. ఏసీ! తను బిగించింది రేకుల కింద, ఎండకు పలుచబడ్డ నూనెకు. ఇక్కడ పద్దెనిమిది డిగ్రీల్లో ఆ నూనె చిక్కబడిపోయింది. ధర్మవరం ఎండలో పుట్టిన బుద్ధికి, రోజూ తిరిగే ల్యాబులో చలి ఒకటుంటుందని తట్టనే లేదు.

"సార్, ఏసీ కొంచేపు ఆపండి."

"నీ కోసం కంప్యూటర్లు కాల్చుకోమంటావా?"

"సరే, ఆపొద్దు."

బల్ల కిందికి దూరింది. ఎవరేమనుకుంటే ఏం, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో గుబ్బను నాలుగు మెట్లు వదులు చేసింది. చేత్తో తోసి చూసింది. ఇంకో మెట్టు తిప్పింది. పైకొచ్చి చున్నీ దులుపుకుని కూర్చుంది.

రెండో ల్యాండింగులో చక్రాలు నడిమి గీతకు జానెడు పక్కన తాకాయి. మూడోదానికి సారు గాలి వేగం పెంచాడు, చెప్పకుండానే. తెర మూలన అంకె మారడం ఆమె చూసింది, రెండు కాళ్లూ గట్టిగా ఆనించింది. కుడి కాలు దిగుతుంటే ఎడమ కాలు దాన్ని పట్టుకునే ఉంది. విమానం గీత మీదే దిగి, గీత మీదే ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సురేంద్ర వంగి డ్యాంపర్లను తడిమి చూశాడు. "భలే చేసినావమ్మా. ఇవి ల్యాబులోనే ఉండనీ. మన స్టూడెంట్లు శశికుమారూ తిప్పేషూ వీటితోనే ఆడతారు. నువ్వు గూడా తోడు పో, ఏమన్నా వదులైతే బిగిస్తావు."

"నా పేరు సార్?"

"స్టూడెంట్లకు సర్టిఫికెట్ పనికొస్తాది. నీకెందుకు చెప్పు?"

ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడం కంటే చావడం మేలనిపించి మింగేసింది. సంచిలోంచి స్పానరు తీసి, వంగి, మొదటి బోల్టు విప్పింది.

"ఏం చేస్తాండావు?"

"నా పెడళ్లు నేను తీసుకుంటాండా. నా కాళ్లు లేకుండా ఇవి యాడికీ పోవు సార్."

"ఉద్యోగం చేస్తాండావని గుర్తుండాదా?"

"ఉండాది" అని ల్యాబు తాళాల గుత్తి తీసి ఆయన బల్ల మీద పెట్టింది. రెండో బోల్టు విప్పింది.

పేర్లు పంపడానికి ఆ రోజే ఆఖరు. సురేంద్ర పిల్లలవైపు చూశాడు. తిప్పేష్ తల వంచుకుని, "ఆ గాలిలో నాతో కాదు సార్, ఆమెనే రాయండి" అన్నాడు. మూడో బోల్టు సగం తిరిగేసరికి ఆయన కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పేరు కొంత కొట్టి ఆగాడు.

"ఇంటిపేరు ఏందమ్మా?"

రెండేళ్లు! రోజుకు ఇరవైసార్లు పిలిచే మనిషికి ఆమె ఇంటిపేరు తెలియదు.

"జింకా. జింకా అరుణజ్యోతి" అంది, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ. లేచి వెళ్లి ఆయన వెనక నిలబడి తెర మీద చదువుకుంది. "సరిగ్గా ఉండాది. పంపించండి సార్."

ఆయన నొక్కేదాకా ఆమె చేతిలోని స్పానరు కింద పెట్టలేదు.