గాలిమర పొగాకుకు నా సాక్ష్యం

నేను ఒక పొగ పైపును. పైపు అనగానే మీకు నీళ్ల గొట్టం గుర్తొస్తే తప్పు మీది కాదు. ఈ ప్రాంతంలో మా జాతి ఎప్పుడూ తక్కువే. నా ఒళ్లు నల్లతుమ్మ వేరు, నా నోటి కొస దున్నకొమ్ము. కాకినాడ జగన్నాథపురంలో మంచం కోళ్లు, అప్పడాల కర్రలు చేసే మందపల్లి చిట్టబ్బాయి నన్ను చెక్కాడు. అంతకుముందు అతను పైపు చేసి ఎరగడు. ఎదురుగా స్టూలేసుకుని కూర్చుని, కాగితం మీద గీసిన బొమ్మ చూపిస్తూ, ఇంకాస్త లోతు, ఇంకాస్త నునుపు అంటూ మూడు రోజులు అతని ప్రాణం తీసిన మనిషి దువ్వూరి కామేశం గారు. నన్ను చేతికిస్తూ చిట్టబ్బాయి, ఇది పగిలితే మాత్రం నా దగ్గరికి తేవద్దని దణ్ణం పెట్టి మరీ చెప్పాడు.

కామేశం గారు రాజమండ్రిలో పోలిశెట్టి సుదర్శనరావు గారి పొగాకు కంపెనీలో మిశ్రమాలు కలిపే ఉద్యోగి. కుర్రతనంలో కాకినాడ రేవులో గుమాస్తాగా ఉన్నప్పుడు హాలెండు ఓడ ఇంజనీరు ఒకాయన ఆయనకు ఒక పొట్లం పైపు పొగాకు ఇచ్చాడట. తల తిప్పదు, గొంతు పట్టదు, తియ్యటి వాసన. అది తాగుతూ మనుషులు గంటసేపు మాట్లాడుకోవచ్చునట. తర్వాత విదేశీ సరుకు రావడం ఆగిపోయింది. ఆ రుచి మాత్రం ఆయన్ను వదల్లేదు. మన నేలలో పండిన ఆకుతోనే అలాంటి పొగాకు చేయాలని, అది బడిపంతులు కూడా కొనుక్కోగలిగేంత చవగ్గా ఉండాలని ఆయన పట్టుబట్టారు. సుదర్శనరావు గారు ఫ్యాక్టరీ వెనక ఒక గది, కొన్ని బస్తాల ఆకు ఇచ్చి, ప్రయత్నించి చూడమన్నారు. నన్ను చేయించింది అందుకే. తయారైన ప్రతి మిశ్రమాన్నీ ముందుగా రుచి చూడవలసింది నేను.

ఆ రెండేళ్లలో నా గిన్నెలో ఏమేం కాలాయో చెబితే మీరు నా మీద జాలిపడతారు. ఒకసారి తాటిబెల్లం పాకం ఎక్కువై, నా అడుగున జీళ్లలా గడ్డకట్టింది. ఒకసారి ఆవిరి పట్టడం కుదరక తడి గోనెసంచి వాసన కొట్టింది. వెనిల్లా ఎక్కువ పోసిన వారం నన్ను బల్ల మీద పెడితే చీమలు బారులు కట్టాయి. కామేశం గారు ప్రతిసారీ నన్ను తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ మొదలుపెట్టేవారు.

ఆ గదిలో పొగాకుల నుంచి ఈనెలు తీసే ఆడవాళ్లు పద్నాలుగు మంది. వాళ్లకు పెద్ద నేలపూడి బుల్లెమ్మ. యాభై దాటిన మనిషి, గోదావరి లంకల్లో పుట్టి పొగాకు తోటల్లోనే పెరిగింది. ఆకులో ఎంత తేమ ఉండాలో, అంటే పొగాకు వాళ్లు పదును అంటారే, అది ఆమె వేళ్లకు తెలుసు. రెండు వేళ్ల మధ్య ఆకును నలిపి, ఇంకో పూట ఆగాలి అనేది. కామేశం గారి దగ్గర తేమ కొలిచే పరికరం ఒకటి ఉండేది. రాన్రాను ఆయన దాని ముఖం చూడడం మానేశారు.

ఒక మాఘమాసపు ఉదయం, వర్జీనియా, బర్లీ రకాల ఆకు, ఆవిరిపట్టిన నల్లాకు కలిపిన ఒక మిశ్రమం నా గిన్నెలో పడింది. నిప్పు తగిలింది. పొగ సన్నగా, చల్లగా, నా గొంతులోంచి పట్టుదారంలా జారింది. నాకే ఒళ్లు పులకరించింది. కామేశం గారు రెండు దమ్ములు పీల్చి కళ్లు మూసుకున్నారు. అప్పుడు బుల్లెమ్మ పని ఆపి, అందరికీ వినబడేలా, "కుదిరిందండి" అంది.

ఆ పొగాకుకు గాలిమర అని పేరు పెట్టారు. పసుపుపచ్చ రేకు డబ్బా మీద హాలెండు గాలిమర బొమ్మ. సుదర్శనరావు గారు జన్మలో పొగ తాగినవారు కాదు కాబట్టి, తాగేవాళ్ల అభిప్రాయం తెలుసుకుందామని ప్రతి డబ్బాలో ఒక కార్డు పెట్టించారు. అక్కడే మొదలైంది అసలు సంబరం. టపా వచ్చినప్పుడల్లా కామేశం గారు నన్ను చేతిలో పట్టుకునే కార్డులు చదివేవారు. ఆయన వేళ్లు బిగుసుకోవడాన్ని బట్టి అవి ఎలాంటివో నాకు తెలిసిపోయేది.

నెల్లూరు వకీలు ఒకాయన గడ్డివామి అంటుకున్నట్టుందని రాశాడు. వాల్తేరు నుంచి ఒక ప్రొఫెసరు, ఉదయం కాఫీ తర్వాత దీన్ని మించినది తాను తాగలేదన్నాడు. బిట్రగుంట రిటైర్డు రైల్వే గార్డు, బండి కదిలింది గాని వేగం అందుకోలేదన్నాడు. యానాం నుంచి ఒకాయన, పాతికేళ్ల కాపురంలో మొదటిసారి మా ఆవిడ నన్ను అరుగు మీదికి పొమ్మనలేదు, రెండు డబ్బాలు పంపండి అన్నాడు. ఒకే పొగాకు, ఒకే పాళ్లు. తియ్యగా ఉందని ఒకరు, తీపే లేదని ఒకరు. మనుషులు పొగాకును రుచి చూస్తున్నారో, ఆ పూట తమ మనసును రుచి చూసుకుంటున్నారో నాకు ఇప్పటికీ అనుమానమే. అయితే ఒక్క మాట మాత్రం చాలా కార్డుల్లో వచ్చేది. నాలుక కాలుతోంది.

సుదర్శనరావు గారికి ఏం చేయాలో తోచలేదు. గట్టిగా లేదన్నవాళ్ల కోసమైనా, చుట్టలకు వాడే లంకాకు కాస్త కలిపి ఘాటు పెంచుదామన్నారు. అలా చేస్తే అది చుట్ట అవుతుంది, గాలిమర అవదన్నారు కామేశం గారు. చివరకు యజమాని ఒక నిర్ణయానికి వచ్చారు. విశాఖపట్నంలో పైపు తాగేవాళ్ల సంఘం ఒకటి ఏటా శ్రావణంలో కలుసుకుని పొగాకుల పోటీ పెడుతుంది. పేరు చెప్పకుండా మూడు పొగాకులు ఇస్తారు, అయిదుగురు తాగి తీర్పు చెబుతారు. ముగ్గురు గాలిమరను మెచ్చుకుంటే గది ఉంటుంది. లేదంటే నెలాఖరుకు మూత. పద్నాలుగు మందినీ ఇళ్లకు పంపడమే.

పొద్దున రైల్లో బయలుదేరాం. కామేశం గారు, ఆయన కోటు జేబులో నేను, ఒళ్లో డబ్బాలతో బుల్లెమ్మ. దారిలో ఆకు పదును చెడకుండా చూడడానికి ఆమె ఉండాలని ఆయన పట్టుబట్టారు. తుని దాటాక సముద్రపు గాలి తగిలేసరికి ఆమె ముఖం చిట్లించింది. ఈ గాలి ఆకుకు మంచిది కాదండి అంది. ఆయన తలూపారు గాని, ఆయన మనసు పోటీ మీదే ఉంది. జేబులో ఆయన గుండె నాకు తగులుతూనే ఉంది.

బీచికి ఎదురుగా ఒక హోటలు హాలు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మూడు పొగాకులనూ పింగాణీ గిన్నెల్లో పోసి, కిటికీ పక్క బల్ల మీద వరసగా పెట్టారు. పెద్దల ఉపన్యాసాలు అయ్యేసరికి రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటలూ సముద్రపు తేమ గిన్నెల్లోకి దిగుతూనే ఉంది. బెల్లం పాకం పట్టిన ఆకు మాది. తేమ అంటే దానికి ప్రాణం.

అయిదుగురిలో పెద్ద కెప్టెన్ పెన్మత్స జగ్గరాజు గారు. ఓడలను రేవులోకి నడిపి రిటైరైన మనిషి. ఆయన మాట మీద మిగతావాళ్లు మాట వేయరని గుసగుసలు వినబడ్డాయి. మొదటి గిన్నె, రెండో గిన్నె అయ్యాయి. మూడోది మాది. కెప్టెన్ గారు నాలుగు దమ్ములు గట్టిగా లాగి, పైపు పక్కన పెట్టి, మంచినీళ్లు అడిగారు.

"నాలుక కొరికేస్తోంది. ఇది తాగేది కాదు."

పక్కనున్న ఇద్దరు అప్పుడే తలలూపారు. కామేశం గారి వేళ్లు నా మీద చల్లబడ్డాయి. రెండేళ్లు, పద్నాలుగు మంది, అన్నీ ఆ ఒక్క మాటతో అయిపోయినట్టే అనిపించింది. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

"అది ఆకు తప్పు కాదండి బాబూ. పదునెక్కిపోయిందండి."

హాలంతా వెనక్కి తిరిగింది. ఆవిడెవరు అని కెప్టెన్ గారు అడిగారు. ఆ క్షణంలో కామేశం గారు నోరు మెదపకుండా ఉండవచ్చు, క్షమించమని ఆమెను బయటకు పంపనూ వచ్చు. ఆయన లేచి నిలబడ్డారు.

"మా గదిలో పదును చూసే మనిషండి. ఆకు విషయంలో నా మాట కంటే ఆవిడ మాటే సరైనది."

కెప్టెన్ గారు, అయితే రుజువు చేయమన్నారు. బుల్లెమ్మ గిన్నెలోంచి గుప్పెడు పొగాకు తీసుకుని హోటలు వంటింట్లోకి వెళ్లింది. టీ మరిగే పెద్ద గిన్నె మూత మీద కాగితం పరిచి, పొగాకు పలచగా చల్లి, వేళ్లతో కదుపుతూ నిలబడింది. పది నిమిషాలు పట్టింది. హాల్లో ఒక్కరూ కుర్చీ దిగలేదు. తిరిగొచ్చి కామేశం గారి వైపు చెయ్యి చాచింది. ఆయన నన్ను ఆ చేతిలో పెట్టారు.

నువ్వు పైపు తాగుతావా అని అడిగారు కెప్టెన్ గారు. ఆ గొంతులో వెటకారం ఉందో, ఆసక్తి ఉందో నేను పోల్చుకోలేకపోయాను.

"నాది అడ్డపొగండి. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని తాగేవోళ్లం. తొందరపడితే కాలేది మా నాలికే కదండీ. అందుకని నెమ్మదిగా లాగడం మాకు తెలుసండి. తమరేమో, ఘాటు తగల్లేదని గట్టిగా లాగుతున్నారు. లాగేకొద్దీ నిప్పు రాజుకుంటది, నాలిక కాల్తది."

అని నన్ను వదులుగా నింపింది, వెలిగించింది. నా జీవితంలో ఎన్నో పెదవులు చూశాను. అలా తాగిన మనిషిని మాత్రం చూడలేదు. ఊపిరితో కాదు, పెదవుల చివర్లతో చెంచాడు పాలు పీల్చినట్టు లాగింది. నా గిన్నె గోరువెచ్చగానే ఉంది. మాఘమాసం నాటి ఆ పట్టుదారం మళ్లీ నాలోంచి జారింది. హాలంతా వాసన కమ్ముకుంది. వెనక వరసలో ఎవరో, ఇదేమిటి, ఇందాకటి పొగాకేనా అన్నారు.

అయిదుగురూ ఆరబెట్టిన పొగాకుతో మళ్లీ పైపులు నింపుకున్నారు. ఈసారి ఎవరూ గట్టిగా లాగలేదు. గడియారం ముల్లు కదిలిన చప్పుడు కూడా నాకు వినబడింది. మొదటి ఆయన మెచ్చుకున్నాడు. రెండో ఆయన వద్దన్నాడు. మూడో ఆయన, నాలుగో ఆయన బాగుందన్నారు. నాలుగో మాట పడగానే కామేశం గారు కుర్చీలో కూలబడి కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు. ఆఖరున కెప్టెన్ గారు, నాలుక కొరకడం లేదు, అది ఒప్పుకుంటాను, కానీ నాకు చప్పగానే ఉందని తన ఓటు కాదనే వేశారు. అయినా ముగ్గురు ముగ్గురే. గది నిలిచింది. ఆ సాయంత్రం రైల్లో బుల్లెమ్మ అనకాపల్లిలో దిగి బెల్లం జీళ్లు కొనుక్కొచ్చి పెట్టెలోని వాళ్లందరికీ పంచింది. ఎందుకు పంచుతోందో వాళ్లెవరికీ తెలియదు.

ఆ తర్వాత డబ్బాల్లో కొత్త కార్డు పెట్టారు. "కాసేపు కాగితం మీద ఆరబెట్టండి. పెదవులతో తాగండి, ఊపిరితో కాదు. తొందర వద్దు." అంతే. నాలుక కాలిందనే ఉత్తరాలు తగ్గిపోయాయి. బదులుగా పొగడ్తలు వచ్చాయి. 'అయ్యా, మీరు తప్పక హాలెండులో చదువుకున్నవారై ఉంటారు' అని ఒకరు, 'ఈ కార్డు రాసిన పెద్దమనిషికి నా నమస్కారాలు' అని మరొకరు. కామేశం గారు అవన్నీ బుల్లెమ్మకు చదివి వినిపించేవారు. ఆమె ఈనెలు తీస్తూనే నవ్వుకునేది.

కార్తీకంలో ఒక కవరు వచ్చింది. దాని మీద ఫ్యాక్టరీ పేరు కింద, పెద్ద అక్షరాలతో, శ్రీమతి నేలపూడి బుల్లెమ్మ గారికి అని ఉంది. కెప్టెన్ జగ్గరాజు గారు రాసింది. ఆమె పూర్తి పేరు కనుక్కోవడానికి కంపెనీకి ట్రంకు కాల్ చేశారని మాకు తర్వాత తెలిసింది. కామేశం గారు నిలబడి చదివారు.

"అమ్మా, మీ పొగాకు చప్పగా ఉందన్నాను. మూడు నెలలుగా అదే తాగుతున్నాను. ఘాటైనది తాగినన్నాళ్లూ పైపు నోట్లో ఉండగా నేను ఎవరితోనూ మాట్లాడలేదని ఇప్పుడు తెలిసింది. ఈమధ్య మా తమ్ముడూ నేనూ పన్నెండేళ్ల తర్వాత కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ రోజు నా ఓటు తప్పు. ఈ సంగతి మీకే చెప్పాలనిపించింది."

మళ్లీ చదవమంది బుల్లెమ్మ. ఆయన మళ్లీ చదివారు. ఆమె చేతిలోని ఆకును పక్కన పెట్టి, కొంగుతో వేళ్లు తుడుచుకుని, కాగితాన్ని కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చేసింది. దాన్ని కవరుతో సహా ఆఫీసు అద్దాల అలమారాలో, నా పక్కన పెట్టారు.

గాలిమర పదిహేడేళ్లు నడిచింది. తర్వాత పైపులు తాగేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కామేశం గారి గొంతులో ఏదో కనిపించిందని డాక్టర్లు పొగ మానిపించారు. ఆయన నన్ను చివరిసారి తుడిచి అలమారాలో పెట్టి, తలుపు మూసి, నా వైపు చూడకుండా వెళ్లిపోయారు. నేను ఆయనకు ఇచ్చినది ఆనందమొకటే కాదని ఆ రోజు అర్థమైంది. రెండేళ్లకు ఆయన పోయారు.

గది మూసేటప్పుడు సుదర్శనరావు గారు ఈసారి ఎవరినీ ఇంటికి పొమ్మనలేదు. ఆడవాళ్లందరికీ గ్రేడింగు షెడ్డులో పని చూపించారు. బుల్లెమ్మ మాత్రం ఇక చాలు, ఇంటికి వెళ్తానంది. ఆయన అలమారా తెరిచి నన్ను తీసి, పోటీ నెగ్గిన పైపు ఇది, గుర్తుగా ఉంచుకో అని ఆమెకు అందించారు. నా ఆనందం ఎంతని చెప్పను. చిట్టబ్బాయి చేతుల్లోంచి బయటపడ్డాక నన్ను ఒకరు ఇంటికి తీసుకుపోవడం అదే మొదలు కాబోతోంది.

"పైపు నాకెందుకండీ అయ్యగారూ. ఆ ఉత్తరం ఇప్పించండి."

ఆయన ఇచ్చారు. నన్ను మాత్రం ఏ చెయ్యీ మళ్లీ అలమారాలో పెట్టలేదు. విరిగిన తూకపు రాళ్లు, తుప్పుపట్టిన డబ్బా మూతలు పోసిన బుట్టలో పడ్డాను. ఆ బుట్ట ఇప్పుడు గోదావరి గట్టు దగ్గర పాత సామాన్ల కొట్టులో ఉంది. మొదట్లో మనసు చివుక్కుమన్న మాట నిజమే. ఆ రోజు బుట్టలోంచి కిటికీ గుండా చూసింది తలచుకుంటే మాత్రం ఆ బాధ నిలవదు. బుల్లెమ్మ గేటు దాటాక ఆగింది. ఉత్తరం కవరు తీసి చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా కవరు మీద తన పేరు ఎక్కడుందో తెలుసు. అక్కడ రెండు వేళ్లు ఆనించి, ఆకు పదును చూసినట్టే నెమ్మదిగా తడిమి చూసుకుని, కొంగులో ముడి వేసుకుని వెళ్లిపోయింది.