మ్యాపులో మా చేను

మా ఊరి మందుల కంపెనీ మూతపడ్డాక, అక్కడ పారబోసిన పురుగుమందు భూమి లోపల ఎంత దూరం పాకిందో చూడటానికి సర్కారు ఆఫీసు నుంచి పద్మజ మేడం వాళ్లు జీపులో వచ్చారు. ప్రతి బోరు నీళ్లూ పరీక్షించి, నీళ్లు చెడిన చోటల్లా మ్యాపులో ఎరుపు వేస్తారట.

ఊరంతా వాళ్ల మీద లేచింది.

"ఎర్రరంగు పడితే మా పత్తి గింజలు ఎవ్వడు తీసుకోడు. నువ్వు కొంటవా మేడం?" అన్నాడు మా నాయిన భీమన్న.

"జీపు టైర్లల్ల గాలి తీయుండ్రి. మ్యాపు గీసుకుంట నడిచి పోతరు," అని వెంకటన్న నవ్వాడు.

మా చేను బోరు నీళ్లు మందు వాసన. బర్రె కూడా మూతి పెట్టదు. మేడం ఇచ్చిన సీసాను నాయిన "నేనే పట్టుకొస్త" అని తీసుకుని, ఊరవతల మేం తాగే చేతిపంపు దగ్గర నింపాడు. నేను చూశాను.

"నోరు తెరిచినవంటే చూడు!" అన్నాడు. నలుగురిలో నేనెప్పుడు నోరు తెరిచాను గనక?

మళ్లీ వచ్చినప్పుడు మేడం పంచాయతీ ఆఫీసులో మ్యాపు పరిచింది. ఎరుపు కంపెనీ దగ్గర మొదలై వాగు దాకా పోయింది. మధ్యలో మా చేను ఒక్కటే తెల్లగా ఉంది.

"చుట్టూ పాడైతే ఇదొక్కటి ఎట్లా బాగుంది?" అంది మేడం.

"జములమ్మ తల్లి దయ," అన్నాడు నాయిన.

సర్పంచు కృష్ణయ్య బల్ల చరిచాడు. "అయితే బడి పిల్లల మంచినీళ్ల బోరు గాడనే ఏద్దాం. జర జాగ ఇయ్యి భీమన్నా."

నాయిన మొహం మాడింది. కాదంటే ఎందుకని అడుగుతారు. తలూపాడు. వెంటనే నా చెవిలో మెల్లగా అన్నాడు: "చెల్లె బడికి పోయేటప్పుడు నీళ్లు ఇంట్ల నుంచే నింపియ్యి."

మా శ్రీజ రెండో తరగతి. దాని పక్కన కూర్చునే పిల్లలకు ఎవరు నింపి ఇస్తారు?

చేనుకు పరిగెత్తి, మా బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చి మ్యాపు మీద పెట్టాను. మేడం మూత తీసి, వెంటనే మొహం తిప్పుకుంది.

"ఎవరి బోరు?"

తెల్లటి చోట వేలు పెట్టాను.

"తండ్రినే ముంచుతవానే!" నాయిన చెయ్యెత్తాడు. మేడం అడ్డం వచ్చింది.

"ఇంత మోసమా, థూ!" సర్పంచు ఉమ్మేశాడు. వెంకటన్న నన్నే చూస్తూ, "గిసుంటి బిడ్డ పగోనికి గూడ వద్దు," అన్నాడు.

మేడం ఎర్ర పెన్సిల్ తీసి మా చేను నింపింది.

ఇంటికి పోయే దారిలో నాయిన పక్కన ఎవరూ నడవలేదు. నా పక్కన నాయిన నడవలేదు.