నిమ్మకాయ బాబాయ్ అడిగే ఐదు మాటలు

ఐసుగడ్డను గోనెసంచిలో చుట్టి కొయ్యసుత్తితో కొడుతున్నాడాయన. గట్టిగా కొడితే పొడైపోయి నీరు కారుతుంది. మెల్లగా కొడితే రాళ్లలా మిగిలి ఒంటికి గుచ్చుకుంటుంది. ఉసిరికాయంతేసి ముక్కలు కావాలి. మోకాలి మీద పెట్టినా, చీలమండ చుట్టూ కట్టినా ఒదిగిపోవాలి. ఇన్నేళ్లకు ఆ వాటం చేతికొచ్చింది. ముక్కల్ని డబ్బాలోకెత్తి, మూత బిగించి, పైన తడిగుడ్డ కప్పాడు.

“ఆ డబ్బాకు చేసే ముద్దు నాకు ఒక్కరోజైనా చేశారా?” గుమ్మంలో నిలబడి అడిగింది భార్య.

“నువ్వు కరిగిపోవుగా.”

“కరిగించే మొగుడుంటే కరిగేదాన్నే. ముందు తినండి. ఖాళీ కడుపుతో వెళ్తే సాయంత్రం తలుపు తియ్యను.”

“సరే,” అన్నాడు. తిని, మందుల సంచి భుజానికి తగిలించుకుని, డబ్బా సైకిలు వెనక కట్టుకుని బయల్దేరాడు.

సరే అనడం ఆయనకు ఊపిరి తీసినంత సులువు. గాజుసీసాల ఫ్యాక్టరీలో కుర్రతనంలోనే కొలిమి దగ్గర పనికి చేరాడు. ఒకనాడు కరిగిన గాజు చింది ఎడమ ముంజేయి మోచేతిదాకా కాలింది. గాయం మానాక అక్కడి చర్మం నున్నగా, మైనం పూసినట్టు మెరుస్తూ ఉండిపోయింది. కొలిమి వేడికి ఇక ఆగలేడని మేనేజరు పిలిచి, “ప్రథమ చికిత్స గది చూసుకుంటావా?” అన్నాడు. సరే అన్నాడు. తమ్ముడు ఇంటి వెనక వాటా తనకు రాసిమ్మంటే సరే అన్నాడు. పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పిన రోజు భార్య ఏడుస్తూ, “ఇంక ఈ మాట మనమధ్య ఎత్తొద్దు,” అంటే దానికీ సరే అన్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. గాజు కోసుకున్న వేళ్లకు కట్లు కట్టడం, కంట్లో నలుసు తీయడం, తలనొప్పికి మాత్ర ఇవ్వడం, ఇవే ఆయన రోజులు. కట్టు కట్టించుకున్నవాళ్లు కట్టు చూసుకుంటూ వెళ్లిపోయేవారే తప్ప కట్టినవాడి మొహం చూసినవాళ్లు తక్కువ.

ఫ్యాక్టరీలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పెట్టాక పరిస్థితి మారింది. జట్టుకు మందుల సంచి మోసేవాడు కావాలి కాబట్టి కంపెనీ ఆయన్ను రెండు రోజుల శిక్షణకు పంపింది. అక్కడొక లేడీ డాక్టరు తలదెబ్బల గురించి చెప్పింది. పైకి రక్తం రాదు, బొప్పి కట్టదు, మనిషి లేచి నవ్వుతుంది కూడా. లోపల మాత్రం మెదడు అదిరిపోయి ఉంటుంది. అందుకని దెబ్బ తగిలిన వెంటనే అడగాలి. ఇప్పుడు మొదటి సగమా, రెండో సగమా? ఆఖరి గోలు ఎవరు కొట్టారు? ఐదు మాటలు చెప్పి తిరిగి చెప్పించాలి. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి, కళ్లు మూయించి నిలబెట్టాలి. ఏ కాస్త అనుమానమొచ్చినా ఆ రోజుకు మళ్లీ ఆడనివ్వకూడదు. దెబ్బ మీద దెబ్బ పడితే ప్రాణానికే ప్రమాదం. ఆ ఐదు మాటలూ ప్రతిసారీ మార్చాలని కూడా చెప్పి, రకరకాల మాటలు అచ్చేసిన అట్ట ఒకటి చేతికిచ్చింది.

ఆ అట్ట మొదటి నెలలోనే ఐసు డబ్బాలో పడి నాని ముద్దయిపోయింది. కొత్తది అడగడానికి మొహమాటపడ్డాడు. అసలే ఆయనది మతిమరుపు బుర్ర, అందరిముందూ తడుముకోవడం నామోషీ. కంఠతా వచ్చినవి ఐదే మాటలు: గొడుగు, నిమ్మకాయ, కిటికీ, దువ్వెన, మేకు. వాటితోనే నెట్టుకొచ్చాడు.

పిల్లలకది ఆటైపోయింది. ఎవరికి కాలు బెణికినా, “గొడుగూ నిమ్మకాయా అడగవా బాబాయ్?” అనేవారు. గెలిచినప్పుడు చేతులు కలిపి ఆ ఐదు మాటలూ కేకపెట్టేవారు. పేరు కూడా పెట్టేశారు, నిమ్మకాయ బాబాయ్ అని. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో తెలియని పిల్ల, “నిమ్మకాయ బాబాయ్, బావున్నావా?” అని అరిస్తే ఆ పూటంతా ఆయనకు అడుగు నేలమీద ఆనేది కాదు. ఊళ్లో తనకంటూ ఒక పేరుంది. మాటలు మార్చాలన్న సంగతి గుర్తులేక కాదు. మారిస్తే ఆ నవ్వు పోతుందేమోనని అనిపించేది.

మైదానం నీళ్లట్యాంకు పక్కనే ఉంది. గోలుస్తంభాల ముందు గడ్డి ఊడిపోయి బట్టతలలా మెరుస్తోంది. ఈరోజు నూలుమిల్లు జట్టుతో ఆట.

“బాబాయ్ వచ్చాడ్రోయ్! నిమ్మకాయ తెచ్చావా?”

“మీ పులుపుకి ఇంకా నిమ్మకాయెందుకే?” అన్నాడు డబ్బా దించుతూ. అందరూ గొల్లున నవ్వారు.

గోల్‌కీపర్ మాత్రం లేసులు బిగించుకుంటూ పెదవి చివర నవ్వింది. పొడుగ్గా, బక్కపల్చగా ఉంటుంది. పెద్ద చేతులు. ఆమె నిలబడితే గోలుకు తాళం పడ్డట్టేనని జట్టంతా ఆమెను తాళం అని పిలుస్తారు. భర్త వదిలేసి వెళ్లాడు. నాలుగేళ్ల కూతురుంది. మామూలుగా ప్యాకింగు విభాగంలో ఆడవాళ్లకు రాత్రి షిఫ్టులే పడతాయి. జట్టులో ఉన్నవాళ్లకు మాత్రం పగటి షిఫ్టు. ఆ ఒక్క సౌకర్యంతోనే తాళం కూతుర్ని పక్కన వేసుకుని పడుకోగలుగుతోంది. జట్టులోంచి తప్పిస్తే మర్నాటి నుంచే రాత్రి షిఫ్టు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఆయనకింకా బాగా తెలుసు, ఎందుకంటే ఆ పిల్లకు జ్వరం వచ్చినప్పుడల్లా మందు అడిగేది ఆయన్నే.

మొదటి సగం గోలు లేకుండా గడిచింది. రెండో సగం మొదలైన కాసేపటికి నూలుమిల్లు జట్టుకు కార్నర్ దొరికింది. బంతి గాల్లో వంపు తిరిగి వచ్చింది. తాళం ముందుకు దూకి పిడికిలితో గుద్దింది. అదే ఊపులో ఎదురొచ్చిన పిల్ల మోకాలు ఆమె చెవి పక్కన తగిలింది. తాళం పక్కకు పడి, ఒక్క క్షణం కదల్లేదు. ఆయన సంచి పట్టుకుని పరిగెత్తాడు.

వెళ్లేసరికి లేచి కూర్చుంది. ఆయన నోరు తెరవకముందే, “గొడుగు, నిమ్మకాయ, కిటికీ, దువ్వెన, మేకు. చాలా బాబాయ్? ఇంకా కావాలా?” అంది.

చుట్టూ మూగిన పిల్లలు పగలబడి నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే నీళ్ల సీసా అందించాడు. ఆమె మూత తీసి చేత్తో పట్టుకుంది కానీ తాగలేదు. ఎండ కొత్తగా వచ్చినట్టు కళ్లు చికిలించింది. ఆయనది చూశాడు. పాదం ముందు పాదం పెట్టి నిలబెట్టాలి. ఇది మొదటి సగమా, రెండో సగమా అని అడగాలి.

“ఎంతసేపండీ?” రెఫరీ గడియారం వంక చూశాడు.

“నేను బావున్నా బాబాయ్. నువ్వు లేటు చెయ్యకు,” అంది తాళం.

“సరేనమ్మా,” అని బొటనవేలు పైకెత్తి చూపించాడు.

వెనక్కొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కొంచెంసేపటికి వెనకవరస ఆడే పొడుగు జడపిల్ల బంతి తీసుకోవడానికి గీత దగ్గరికొచ్చి, “బాబాయ్, తాళం స్కోరెంతని నన్ను రెండుసార్లు అడిగింది. ఎకసెక్కాలేమో అనుకున్నా,” అని పరిగెత్తింది.

ఆయన లేచి నిలబడ్డాడు. “ఒకసారి మళ్లీ చూడనా?” అన్నాడు కోచ్‌తో.

కోచ్ మైదానం మీంచి చూపు తిప్పలేదు. “ఇప్పుడేగా చూశావు? ఐదు మాటలూ గడగడా చెప్పింది, ఇక్కడిదాకా వినపడింది. మనకింకో కీపర్ ఉందా? కూర్చో బాబాయ్, పిల్లల మనసు పాడుచెయ్యకు.”

“సరే,” అన్నాడు. కూర్చున్నాడు.

తాళం స్తంభానికి ఒక చెయ్యి ఆనించి నిలబడి ఉంది. అలసిపోయిందేమో అనుకున్నాడు. అలా అనుకోవాలని ఉంది. డాక్టరమ్మ రెండు రోజుల్లో చెప్పిన మాటలన్నీ ఇప్పుడు వరసగా గుర్తొస్తున్నాయి, మతిమరుపు బుర్రకే. అయినా లేవలేకపోయాడు. లేస్తే ఆట ఆపాలి, అందరూ తన వంక చూస్తారు, కోచ్‌తో కాదనాలి. ఆమెకు రాత్రి షిఫ్టు పడుతుంది, అది తన చేతుల మీదుగానే పడుతుంది.

నూలుమిల్లు పిల్ల ఒకతి దూరం నుంచి బంతి తన్నింది. అంత జోరైన బంతేమీ కాదు. మామూలుగానైతే తాళం ఒంటిచేత్తో ఆపేది. ఈసారి బంతి వస్తుంటే చూస్తూనే నిలబడింది కానీ చేతులు లేవలేదు. నుదుటికి తగిలి బంతి గోలులోకి దొర్లిపోయింది. ఆమె మోకాళ్ల మీద కూలబడి, పక్కకు వంగి వాంతి చేసుకుంది.

రెఫరీ విజిల్ కోసం ఆయన ఆగలేదు. సంచి కూడా తీసుకోకుండా పరిగెత్తాడు.

“అమ్మా, ఇటు చూడు. వేరే మాటలు చెప్తాను.” బుర్రలో మాటలేం లేవు. చుట్టూ వెతుక్కున్నాడు. “గేటు. కాకి. నిచ్చెన. ట్యాంకు. చెట్టు. ఏవీ, తిరిగి అను.”

ఆమె ఆయన వంకే చూసింది. పాఠం అప్పజెప్పే పిల్లలా వెన్ను నిటారు చేసుకుని, “గొడుగు. నిమ్మకాయ. కిటికీ. దువ్వెన. మేకు,” అంది. “సరిగ్గానే చెప్పాను కదా బాబాయ్?”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“సరిగ్గానే చెప్పావు తల్లీ.” రెఫరీ వైపు తిరిగాడు. “ఈ అమ్మాయి ఇంక ఆడదు.”

కోచ్ గీత దాటి వచ్చాడు. “ఇంకాస్తేగా! నిలబడితే చాలు...”

“ఆడదన్నాను కదా!” అరిచాడాయన. గొంతు చీరుకుపోయింది. అది ఆయన గొంతేనా అన్నట్టు పిల్లలంతా చూశారు.

తాళం ఆయన చొక్కా పట్టుకుంది. గ్లవ్స్ తొడిగిన వేళ్లకు పట్టు చిక్కక బట్ట జారిపోతోంది. “బాబాయ్, తియ్యకు బాబాయ్. నైట్ షిఫ్టు వేస్తారు. పిల్ల నిద్రపోదు, నేను లేకపోతే.”

ఆమె భుజం కింద చెయ్యి వేసి లేపాడు.

ఆసుపత్రి వరండాలో ఆయన బల్ల చివర కూర్చున్నాడు. గోడకు ఆకుపచ్చ రంగు సగం దాకా వేసి ఉంది. తాళం కూతుర్ని చంకనేసుకుని వాళ్లక్క వచ్చింది. అక్కా చెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉంటారు. లోపలికి వెళ్లి చూసి, ఏడ్చి, బయటికొచ్చి ఆయన పక్కనే కూలబడింది.

“మీరేనా నిమ్మకాయ బాబాయ్?”

తలూపాడు.

“నాకు తెలుసు, ఎప్పుడో ఇలా అవుతుందని. పోయిన పోటీల్లో తల స్తంభానికి కొట్టుకుందట. రెండు రోజులు వెలుతురు చూడలేక దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. అంతకుముందు ఇంకోసారి. అక్కా, ఎవరికీ చెప్పకు, తీసేస్తారు అంది. డాక్టరు దగ్గరికి పోదామంటే, బాబాయ్ చూశాడు, ఏం లేదన్నాడు అనేది.”

ఆయన ఆ రెండు ఆటలూ గుర్తుచేసుకున్నాడు. రెండుసార్లూ తను అడిగాడు. రెండుసార్లూ ఆమె చెప్పింది. రెండుసార్లూ అందరూ నవ్వారు.

“మీ మాటలు మా ఇంట్లో అందరికీ వచ్చు,” అంది అక్క. “ఆటకు వెళ్లే ముందు అన్నం తింటూ వల్లెవేసేది. మా పిల్లకూ వచ్చు, కావాలంటే వినండి. చెప్పవే బంగారం.”

పిల్ల సిగ్గుపడి అక్క మెడలో మొహం దాచుకుంది. అక్కడినుంచే, బొటనవేలు నోట్లో పెట్టుకుని, “గొలుగు... నిమ్మకాయ...” అని మొదలుపెట్టింది.

“వద్దమ్మా,” అన్నాడాయన. “చాలు.”

డాక్టరు బయటికొచ్చి నిలబడే మాట్లాడాడు. రక్తం గడ్డకట్టలేదు, అదొక్కటి నయం. నాలుగురోజులు ఇక్కడే ఉండాలి. మరుపు, తలనొప్పి ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. ఆట సంగతి ఇక మర్చిపోవాలి. “ముందు తగిలిన దెబ్బలకే ఆపి ఉంటే...” అని, వాక్యం పూర్తిచెయ్యకుండా వెళ్లిపోయాడు. ఎవర్నీ ఉద్దేశించి అన్నట్టు లేదు.

“మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లిపోతా,” అంది అక్క. “రాత్రిషిఫ్టులో నిలబెట్టి దీన్ని చంపుకోలేను. ఇక్కడ దీనికింకేముంది?”

వార్డులోకి మంచం తోసుకెళ్తుంటే ఆయన కాస్త దూరం పక్కన నడిచాడు. తాళం కళ్లు తెరిచింది.

“బాబాయ్, స్కోరెంత?”

“ఆట అయిపోయిందమ్మా.”

“గెలిచామా?”

సరే, అవును, గెలిచాం, ఏదో ఒకటి అనబోయాడు. “ఓడిపోయాం,” అన్నాడు.

“నేనున్నానుగా,” అంది ఆమె, నమ్మలేనట్టు. తలుపు రెక్కలు మూసుకున్నాయి.

సంచీ, డబ్బా మైదానంలోనే ఉండిపోయాయని గుర్తొచ్చి ఆయన పొద్దువాలే వేళకు అక్కడికి చేరాడు. ఎవరూ లేరు. ఐసు కరిగి డబ్బాలో నీళ్లే మిగిలాయి. వాటిని గడ్డిలో ఒంపేశాడు. సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్లి సంచి అప్పజెప్పాలి, జట్టుకు ఈ పని బాగా తెలిసినవాళ్లను చూసుకోమనాలి అనుకున్నాడు. మేనేజరు వద్దంటాడు, ఉండమంటాడు. ఈసారి సరే అనకూడదనుకున్నాడు.

సైకిలు తిప్పుకుంటుంటే పడమటి గోలు కనిపించింది. వలకు, స్తంభం మొదట్లో, తాళం చేతులు తుడుచుకోవడానికి కట్టుకున్న తువ్వాలు ఇంకా అక్కడే ఉంది. చిన్నపిల్లలది. పసుపురంగు, అంచుల వెంబడి బాతుపిల్లల బొమ్మలు. విప్పి ఆసుపత్రికి తీసుకెళ్దామని ముడి మీద చెయ్యి వేశాడు. తడికి బిగిసిపోయి రాలేదు. కాసేపు ప్రయత్నించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గాలికి వల కదిలినప్పుడల్లా బాతుపిల్లలు కొంచెం లేచి, మళ్లీ మట్టి అంటిన ఆ స్తంభాన్ని ఆనుకుని ఊరుకుంటున్నాయి.