వజ్రం కింద అక్షరాలు

పద్నాలుగు మంది తన్నుకుంటుంటే ఒక్క చేత్తో ఆపినవాణ్ణి నేను. మాజ్రి గనిలో ముప్పై రెండేళ్లు బొగ్గు కొట్టిన చెయ్యి ఇది. నమ్మనివాళ్లు మరాఠీ గడ్డ మీదున్న మా బామ్నికి వెళ్లి పోశం తాత ఎవరని అడగండి.

మొన్న ఫిబ్రవరిలో మా తమ్ముడి మనవరాలు ప్రణాలి నిశ్చితార్థం. మిట్టమధ్యాహ్నం, ఇంటి ముందు టెంటు. వరుడు విసాపూర్ పిల్లవాడు సంజీవ్, వెల్డింగ్ పని చేస్తాడు. ప్రణాలి వేలికి వజ్రపుటుంగరం తొడిగాడు. ఇంకా చప్పట్లు కొడుతుండగానే పిల్ల అన్న ప్రహ్లాద్ ఆ వేలు పట్టుకుని ఎండకేసి తిప్పాడు.

"గిదేంది బావా? చమకే లేదు. వజ్రం అసలుదే కావచ్చు, కటింగ్ బేకార్. కటింగ్ మంచిగుంటేనే మెరుస్తదని ఫోన్ల చూసిన."

"మంచి కటింగేనని దుకాణపాయన చెప్పిండు బామ్మర్దీ."

"ఆయన చెప్తే అయిపాయెనా? మా చెల్లెకు నాసిది అంటగడ్తవా?"

"నీ ఫోనే నాసిది," అన్నాడు సంజీవ్.

అంతే. ప్రహ్లాద్ తలతో సంజీవ్ ముక్కు మీద కుమ్మాడు. ఎముక పటుక్కుమన్న చప్పుడు నా చెవిటి చెవికి కూడా వినిపించింది. రక్తం తెల్లచొక్కా మీదుగా పంట్లాం దాకా కారింది. సంజీవ్ చిన్నాయన హరికృష్ణ ఇనప కుర్చీ మడిచి ప్రహ్లాద్ వీపున వేశాడు. మావాళ్లు పప్పు గరిటెతో హరికృష్ణ నెత్తి పగలగొట్టారు. ఎవరి చెవో ఎవరి పళ్ల మధ్యో ఉంది. ఒక పన్ను గాలిలో గిరగిరా తిరుగుతూ వచ్చి నా గులాబ్‌జామ్ గిన్నెలో మునిగింది.

నేనెక్కడున్నానంటారా? వడ్డించే బల్ల కింద. ఒక్క చేత్తో ఆపానన్నాను కదా, రెండో చేతిలో గిన్నె ఉంది మరి.

ప్రహ్లాద్ చెల్లెలి వేలి నుంచి ఉంగరాన్ని తోలు లేచిపోయేలా గుంజి, గడప రాయి మీద పెట్టాడు. టెంటు మేకులు కొట్టిన సమ్మెట ఎత్తాడు.

"పిండి చేస్త!"

సంజీవ్ పాకుతూ వచ్చి ఉంగరం మీద కుడి అరచెయ్యి బోర్లించాడు. "కొట్టు. ముందుగాల నా చెయ్యి పోవాలె."

"తీయ్! ఏక్... దోన్..." ప్రహ్లాద్ మరాఠీలో లెక్క మొదలుపెట్టాడు.

ఆ చెయ్యి నుజ్జయితే వెల్డింగ్ లేదు, వాడి బతుకూ లేదు, పెళ్లీ లేదు. ప్రణాలి తన అన్న కాళ్లకు చుట్టుకుంటే ఒక్క తన్ను తన్నాడు.

"ఆగురా!" బల్ల కింద నుంచే అరిచాను. "కటింగ్ సంగతి నేను తేలుస్త. చాందా సరాఫా బజార్ల, బంగారం దుకాణాల కాడ విన్న పరీక్ష. వజ్రాన్ని బోర్లించి అక్షరాల మీద పెట్టి, వెనక నుంచి చూడాలె. కటింగ్ మంచిగుంటే వెలుగు లోపల్నే మర్లుతది, కింది అక్షరాలు చదవరావు. నాసిదైతే చదవొస్తయి."

గిన్నె కింద మంచిర్యాల రైల్లో తెచ్చుకున్న తెలుగు పేపరుంది. ఒక్క చేత్తో దాన్ని బయటికి చాపాను. ప్రణాలి సంజీవ్ అరచేతి కింద నుంచి ఉంగరం లాగి, వజ్రం కిందికొచ్చేలా పేపరు మీద బోర్లించింది.

"నేనే చూస్త. ఇంకెవన్ని నమ్మ," అన్నాడు ప్రహ్లాద్. సమ్మెట వదలకుండానే, రెప్ప మీది రక్తం తుడుచుకుని వంగాడు.

"చదువు."

"చదవొస్తలేదు."

"ఒక్క అక్షరం?"

"ఒక్కటి గుడ రాలే తాతా."

"గట్లయితే కటింగ్ ఫస్ట్ క్లాస్!"

సమ్మెట జారి వాడి కాలి బొటనవేలి మీదే పడింది. ఆనాటికి అదే ఆఖరి దెబ్బ.

ప్రహ్లాద్ చదివిందంతా మరాఠీ బడిలో. వజ్రం పక్కకు తీసినా ఆ పేపర్లో ఒక్క అక్షరం చదవలేడు. అంత గోలలో అది ఒక్క ప్రణాలికే తట్టింది. ఉంగరం, పేపరు పట్టుకుని బల్ల కిందికొచ్చి, నా పక్కన కూర్చుని గుసగుసగా అంది: "తాతా, అన్నకు తెలుగెక్కడిది? నువ్వు చూడు."

చూశాను. నేను మంచిర్యాల వైపు మా సొంతూరి బడిలో ఐదో తరగతి దాకా తెలుగే చదివాను. వజ్రం వెనక నుంచి 'వా' అక్షరం దీర్ఘంతో సహా కనిపించింది.

"ఏమున్నది?"

"ఏం కనబడ్తలేదు బిడ్డా. కండ్లు పోయినయి."

"అద్దాలు లేకుండ రోజూ పేపర్ చదువుతవు గదా!"

సంజీవ్ ఇంకా గడప దగ్గరే ఉన్నాడు. ఆ కుడి చెయ్యి రాయి మీద అలాగే బోర్లించి ఉంది, ఎత్తడం మరిచిపోయినట్టు. ప్రణాలి వాడి వంక చూసి, తోలు లేచిన వేలికే ఉంగరం తొడుక్కుంది.

పెళ్లయింది. సంజీవ్ ముక్కు ఇప్పటికీ కొంచెం ఎడమకు చూస్తుంది.

ఇందులో నేను అల్లింది ఒక్క పన్ను సంగతే. అది నేల మీద పడింది. గిన్నెలో పడుంటే ఆ గులాబ్‌జామ్‌లన్నీ నేనెట్లా తింటాను?