గిస్లెన్ కూర్చున్న కుర్చీ

గాజు కొలిమిని ఆర్పరు. మా ఊళ్ళో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఒకసారి వెలిగిస్తే పదిహేనేళ్ళు మండుతూనే ఉండాలి. ఆర్పితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి, ఇక అది లేవదు. అలాంటి కొలిమిని నిరుడు జూన్‌లో ఒక మంగళవారం మా కళ్ళముందే ఆర్పేశారు.

డైరెక్టర్ ఒక చెక్కపెట్టె మీదకెక్కి కాగితం చదివాడు. ఒకటో కొలిమి మూత. నూట నలభైమంది ఇంటికి. "చట్టప్రకారం మీ ప్రతినిధిని సంప్రదించాకే ఈ నిర్ణయం తీసుకున్నాం," అని దిగిపోయాడు.

మా ప్రతినిధి గిస్లెన్. ముప్ఫై ఏళ్ళు కొలిమి దగ్గర కమిలినవాడు. మా కంపెనీకి తొమ్మిది దేశాల్లో ఫ్యాక్టరీలున్నాయి. ఇలాంటి కంపెనీ ఏదైనా పెద్ద పని తలపెడితే ముందుగా అన్ని దేశాల కార్మిక ప్రతినిధులనూ కూర్చోబెట్టి చెప్పాలి, వాళ్ళ మాట వినాలి. అది యూరప్ చట్టం. ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు, మా అమ్మానాన్నల తరం వీధుల్లో నిలబడి తెచ్చుకున్నది. ఆ సభలో మా ఫ్యాక్టరీ తరఫున గిస్లెన్ కూర్చునేవాడు. ఆ మంగళవారం మాత్రం గోడకానుకుని నేల చూస్తున్నాడు.

ఉద్యోగం పోయిన నూట నలభైమందిలో కార్మెలో ఒకడు. వాళ్ళ తాత ఇటలీ నుంచి బొగ్గుగనులకొచ్చి ఇక్కడే పోయాడు. కార్మెలో వెళ్ళి గిస్లెన్ ఎదుట నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసు కదూ?"

"ఫిబ్రవరిలో చెప్పారు. రహస్యమని ముద్ర కొట్టిచ్చారు. బయట పెడితే కోర్టుకీడుస్తామన్నారు."

"మార్చిలో నిన్నడిగాను. సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళు రమ్మంటున్నారు, పోనా అని. ఏమన్నావ్?"

"నీ ఇష్టం అన్నాను."

"నా ఇష్టం," అన్నాడు కార్మెలో. గిస్లెన్ బూట్ల పక్కన ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

నేను ఉమ్మలేదు. "నువ్వు మావాడివా, వాళ్ళవాడివా?" అని అందరూ వినేలా అడిగాను. ఉమ్మేసినా బావుండేది.

ఆ తర్వాత క్యాంటీన్లో గిస్లెన్ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. అక్టోబరులో బట్టల బీరువాల దగ్గర కూలిపోయాడు. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. అంత్యక్రియలకు పదకొండుమంది వచ్చారు. పోయినవాళ్ళ కళ్ళు చారెడంటారు గానీ, ఆ చర్చిలో అతని కళ్ళ గురించి ఎవరూ ఎత్తలేదు. నేను చివరి బెంచీలో కూర్చుని అతని భార్య ఇవెట్ ముఖం చూడకుండా వచ్చేశాను.

సభలో ఖాళీ అయిన గిస్లెన్ కుర్చీ ఎవరికీ అక్కర్లేదు. నేను తీసుకున్నాను. "నా నోరెవరు మూస్తారో చూద్దాం," అని ఎన్నికలప్పుడు గొప్పలు పోయాను. నా పేరు ఆదెలిన్. ఇరవై రెండేళ్ళుగా సీసాలు తనిఖీ చేస్తున్నాను. పగులెక్కడుందో చప్పుడుతో చెప్పగలను. అంతకుమించి నాకేం తెలుసని.

సభ జనవరిలో, బ్రస్సెల్స్‌లో. నా చోట బల్ల మీద పేరు అట్ట పెట్టారు. దాని మీద గిస్లెన్ పేరే ఉంది. మార్చలేదు. పక్కన హెడ్‌ఫోన్. అద్దాల గదుల్లో దుబాసీలు కూర్చుని ఎవరి భాషలోకి వాళ్ళకు మార్చి చెబుతుంటారు. చెవులకు పెట్టుకున్నాను. దుబాసీ ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య ఆగినప్పుడల్లా లోపల ఎవరో దగ్గారు. గాజు దుమ్ము పట్టిన దగ్గు. ముప్ఫై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళకే వచ్చే దగ్గు. దయ్యాలను నేను నమ్మను. అయినా వెనక్కి తిరిగి చూశాను.

కాగితాలు పంచారు. ప్రతి పేజీ మీదా రహస్యమని ఎర్రముద్ర. రెండో కొలిమి, జూన్, రెండొందల పదిమంది. ఆ రెండొందల పదిలో మా చెల్లెలుంది, నేనున్నాను.

కాఫీ విరామంలో పోలండ్ ప్రతినిధి బోగ్దాన్ నన్ను పక్కకు పిలిచాడు. మా భాష అతనికి వచ్చు.

"మీ సీసాల అచ్చులు మా దగ్గరికొచ్చి మూడు వారాలైంది," అన్నాడు.

"ఇవాళ కదా మమ్మల్ని సంప్రదిస్తున్నారు?"

"అదేగా చెప్తున్నా. ముహూర్తం పెట్టేసి, శుభలేఖలు పంచేసి, ఇప్పుడు పెళ్ళికూతుర్ని నీకిష్టమేనా అంటున్నారు."

"మీకు పని పెరుగుతుంది. నాకెందుకు చెప్తున్నావ్?"

"మావాళ్ళలో సగంమంది సంబరపడుతున్నారు. అబద్ధమెందుకు చెప్పను. కానీ ఇంకో నాలుగేళ్ళకు ఇవే అచ్చులు మా దగ్గర్నుంచి ఇంకో చోటికి పోతాయి. అప్పుడు నేనెవరి దగ్గరికెళ్ళి ఏడవాలి?"

లోపలికొచ్చాక, సభ నడిపే కంపెనీ అధ్యక్షుడు చిరునవ్వుతో ప్రశ్నలడగమన్నాడు. ఎనిమిది ప్రశ్నలు రాసుకొచ్చాను. చెయ్యెత్తబోతే, పక్కనున్న స్పెయినావిడ రెమెదియోస్ నా మణికట్టు పట్టుకుంది.

"అడగకు. నిరుడు గిస్లెన్ పదకొండు ప్రశ్నలడిగాడు. మహా బాగా అడిగాడు. పదకొండూ రాసుకుని, కింద 'సంప్రదింపు పూర్తయింది' అని గీత గీశారు. వాళ్ళకు కావలసింది మన ప్రశ్నలే."

పిచ్చి గిస్లెన్. అడగడమే పోరాటమనుకున్నాడు. మేమంతా అలాగే అనుకున్నాం.

బోగ్దాన్ లేచి నిలబడి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. రెమెదియోస్ తీసింది. నేను తీశాను. వరసగా ఇరవై ఇద్దరమూ తీసేశాం. అధ్యక్షుడు ఏదో అంటూనే ఉన్నాడు. అద్దాల వెనక దుబాసీల పెదవులు కదులుతూనే ఉన్నాయి. మాకొక్క ముక్క వినపడలేదు.

"నిర్ణయం అయిపోయాక చెప్పేదాన్ని సంప్రదించడమనరు. మేం వినలేదని రాసుకోండి," అన్నాను. సభ వాయిదా వేశారు.

మర్నాడే కంపెనీ నుంచి ఉత్తరమొచ్చింది. మాకు సమాచారమిచ్చినట్టే లెక్క, రహస్యం అమల్లోనే ఉంటుంది అని.

క్యాంటీన్లో మా చెల్లెలు సూప్ తాగుతూ అడిగింది.

"బ్రస్సెల్స్‌లో ఏమైందే?"

"ఏముంది, మామూలే," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. చెంచా కింద పెట్టేశాను. గిస్లెన్ నాలుగు నెలలు ఇలాగే కడుపులో పెట్టుకుని, మా మధ్యే తింటూ, మాకే నమస్కారాలు పెడుతూ తిరిగాడు. నాకు రెండు రోజులకే ఊపిరాడలేదు. అతన్ని ఏమన్నానో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం రెండు కార్మిక సంఘాలవాళ్ళనూ పిలిచి, రేపు గేటు దగ్గర ఆ ఎర్రముద్ర కాగితం చదివేస్తానన్నాను. ఎర్రచొక్కాలవాళ్ళు సరేనన్నారు. పచ్చచొక్కాల నాయకుడు తల అడ్డంగా ఊపాడు.

"చట్టమే మన చేతిలో ఉన్న ఒక్క కర్ర. నువ్వే విరగ్గొడితే ఎలా ఆదెలిన్?"

"ఆ కర్ర మన చేతిలో ఎప్పుడుందండీ? దాంతోనే గిస్లెన్‌ని కొట్టి చంపారు. కొట్టినవాళ్ళలో మనమూ ఉన్నాం."



మర్నాడు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారే వేళ. లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి, గేటు ముందంతా జనం. ఉద్యోగాలు పోయినవాళ్ళూ వచ్చారు. కార్మెలో వెనక నిలబడ్డాడు. నేను కాగితం విప్పాను.

"మారిన మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా, బరువెక్కిన హృదయంతో, రెండో కొలిమి…"

అంతే చదివాను. జనాన్ని తోసుకుంటూ కోర్టు అమీనా వచ్చాడు. చేతిలో, ఆ ఉదయమే కంపెనీ తెచ్చుకున్న ఉత్తర్వు. దాంట్లో నా పేరు. ఇంకొక్క వాక్యం చదివితే జైలుదాకా పోతుందని చెప్పి, చెయ్యి చాపాడు. నేను ధైర్యవంతురాలినని ఎవరైనా చెబితే నమ్మకండి. కాగితం అతని చేతికిచ్చేశాను.

అప్పుడు గేటుకెదురుగా ఉన్న తన ఇంటి తలుపు తీసుకుని ఇవెట్ వచ్చింది. అక్టోబరు నుంచి మాలో ఎవరితోనూ మాట్లాడని మనిషి. ఇంట్లో కట్టుకునే ఏప్రన్‌తోనే వచ్చి నా పక్కన నిలబడింది.

"రెండో కొలిమి కార్యకలాపాలను దశలవారీగా ముగించడం అనివార్యమైనది," అంది. గొంతులో ఏ భావమూ లేదు. "సిబ్బంది సేవలను యాజమాన్యం కృతజ్ఞతతో స్మరించుకుంటున్నది. ఈ సమాచారం జూన్ వరకు పరమ రహస్యం."

అమీనా తన చేతిలోని కాగితం చూసుకున్నాడు. అక్షరం పొల్లుపోలేదు.

"ఈ కాగితం మీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. నిరుడు నా మొగుడు నిద్దట్లో అప్పజెప్పేవాడు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, రోజూ. అప్పుడు ఒకటో కొలిమి అనేవాడు. ఆదెలిన్ చదువుతుంటే కిటికీలోంచి విన్నాను. అవే మాటలు. మనుషుల్ని మార్చినట్టు అంకె మార్చారు, అంతే."

కార్మెలో టోపీ తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు.

"మీరిది చెప్పకూడదమ్మా," అన్నాడు అమీనా.

"నేనెక్కడా సంతకం పెట్టలేదు బాబూ. నా దగ్గర దాచమని ఎవరూ ఇవ్వలేదు. ఉన్న ఒక్కడికీ ఇచ్చారు, వాణ్ణి పాతిపెట్టాను. రాసుకో, ఇవెట్, గిస్లెన్ పెళ్ళాం."

వెనకనుంచి మా చెల్లెలు అరిచింది. "మాకు సరిగ్గా వినపళ్ళేదు, మొదట్నుంచి చెప్పండి."

ఇవెట్ మొదట్నుంచి చెప్పింది. మూడోసారి చెప్పేటప్పటికి గేటు ముందున్నవాళ్ళంతా ఆమెతోపాటు చెబుతున్నారు, ఎర్రచొక్కాలూ పచ్చచొక్కాలూ, లోపలివాళ్ళూ బయటివాళ్ళూ. అమీనా కలం పట్టుకుని ఎవరి పేరు రాయాలో తెలియక నిలబడిపోయాడు.