ఏథెన్స్‌లో మా వంటిల్లు

ప్రాచీన ఏథెన్స్‌కు ఊరిదేవత అమ్మవారే కదా, మరి పరాయి మగవాళ్లు వస్తే అక్కడి ఇల్లాళ్లు లోపలి గదుల్లోనే ఎందుకుండేవారు? మా అమ్మాయి కోచింగ్ పుస్తకం తిరగేసిన నాటి నుంచి ఇది నా సందేహం.

తెలంగాణ బంద్ రోజున దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ముందుగదిలో మిత్రులు చేరితే, ఆ గ్రీకు మగవాళ్లను దులిపేశాను. మధ్యలో మా ఆవిడకు, "హనుమా, ఇంకో నాలుగు టీలు!" అని కేకేశాను.

మా మధ్యే కుర్చీలో కూర్చున్న పక్కింటి కిష్టమ్మ నవ్వింది. "గా ఊరు ఏడనో లేదన్నా, మీ వంటింట్లనే ఉంది. వదినె పొద్దటి సంది బయటికే రాలే."

రోజూ అమ్మవారికి దీపం పెట్టే భక్తుణ్ణి, లేచి వంటింట్లోకి నడిచాను. ఒక్కసారైనా నా చేతి టీ తాగిస్తానని పెళ్లైన కొత్తలో హనుమాయమ్మకు మాటిచ్చాను; అది ఇన్నాళ్లూ అప్పుగానే ఉంది. ఆమెను తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టి, పొయ్యి వెలిగించాను.

ఒక గుక్క తాగి, "పంచదార వేశారా?" అంది.

వేయలేదు. అయినా కప్పు ఖాళీ చేసి ఇచ్చింది. అప్పు తీరింది.